ఈఈజీతో రోబో చెయ్యి: మెదడును ఎంత తక్కువ అడిగితే అంత మంచిది

మెదడు సిగ్నళ్లతో రోబో చెయ్యి నడపాలనుకునే చాలా ప్రాజెక్టులు ఒకే దారిలో మొదలవుతాయి. ఒక సంకేతానికి చెయ్యి ఎడమకు, ఇంకోదానికి కుడికి, మరోదానికి పైకి, చివర్లో గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే కొస) మూసుకోవాలి. వీడియోలో చాలా బాగుంటుంది. నిజంగా చేతులు కదలని మనిషి రోజూ నీళ్లు తాగడానికి వాడాలంటే మాత్రం ఈ డిజైన్ నిలబడదు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది.

చెయ్యి ఒక కప్పును పట్టుకోవాలంటే ఏడు విలువలు తేలాలి: మూడు దిశల్లో స్థానం, మూడు కోణాలు, గ్రిప్పర్ ఎంత మూసుకోవాలన్నది ఒకటి. నెత్తి మీద పెట్టిన ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాలను చదివే పద్ధతే ఈఈజీ. దాంతో బాగా పనిచేసే సెటప్ ఇచ్చేదేమో నాలుగు సెకన్లకు ఒక ఎంపిక. నాలుగింటిలో ఒకటి, నూటికి తొంభై సార్లు సరిగ్గా. ఎంపికల సంఖ్య, కచ్చితత్వం నుంచి ఎంత సమాచారం అందిందో లెక్కగట్టే వోల్‌పా సూత్రం ప్రకారం ఇది ఎంపికకు 1.37 బిట్లు, అంటే నిమిషానికి 20 బిట్ల పైచిలుకు. కచ్చితత్వం 70 శాతానికి పడితే ఎంపికకు 0.64 బిట్లే మిగులుతాయి, నిమిషానికి పది కూడా రావు. కప్పు దాకా వెళ్లడానికి ఇరవై ఆదేశాలు కావాలనుకోండి. ఒక్కోటి 90 శాతం కచ్చితంగా వస్తున్నా, ఇరవయ్యీ తప్పు లేకుండా పడే అవకాశం 12 శాతం. అదే పని రెండు ఎంపికల్లో ముగిస్తే 81 శాతం.

కాబట్టి "ఏది కావాలి" అన్నది మాత్రమే మనిషి చెప్పాలి. "ఎలా తేవాలి" అన్నది కెమెరా, చెయ్యి వెళ్లే దారిని లెక్కించే మోషన్ ప్లానర్ చూసుకోవాలి. దీన్నే షేర్డ్ కంట్రోల్ అంటారు. ఇది రాజీ కాదు, ఈఈజీ ఇవ్వగలిగిన దాన్ని గౌరవించే డిజైన్.

మెదడులో అమర్చే ఎలక్ట్రోడ్ల సంగతి వేరు. నాలుగు మిల్లీమీటర్ల చదరంలో 96 ఎలక్ట్రోడ్లున్న యూటా అరే ఒక్కొక్క న్యూరాన్ స్పందనను పట్టుకుంటుంది. బ్రెయిన్‌గేట్ బృందం 2012లో నేచర్‌లో ప్రచురించిన పరిశోధనలో పక్షవాతం వచ్చిన ఒక మహిళ రోబో చేత్తో కాఫీ సీసా అందుకుని, స్ట్రాతో తాగి, తిరిగి బల్ల మీద పెట్టగలిగారు. పిట్స్‌బర్గ్ బృందం 2013లో లాన్సెట్‌లో ప్రచురించిన పనిలో ఏడు విలువలనూ ఒకేసారి నియంత్రించడం సాధ్యమైంది. 2021లో అదే బృందం స్పర్శకు సంబంధించిన కార్టెక్స్‌ను (మెదడు పై పొరను) విద్యుత్తుతో ప్రేరేపించి, రోబో వేళ్లకు వస్తువు తగిలిన సంగతి మనిషికి తెలిసేలా చేసింది. వస్తువును పట్టుకుని కదిలించడానికి పట్టే మధ్యస్థ సమయం 20.9 సెకన్ల నుంచి 10.2కు తగ్గింది. అద్భుతమైన ఫలితాలే. వాటి వెనక పుర్రె తెరిచే ఆపరేషన్, చర్మం దాటి బయటికొచ్చే కనెక్టర్, ఇన్‌ఫెక్షన్ భయం, మళ్లీ మళ్లీ చేసుకోవాల్సిన కాలిబ్రేషన్ ఉన్నాయి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈఈజీ గురించే.

ఏ సిగ్నల్ వాడాలి

మొదటి ప్రోటోటైప్‌కు ఎస్‌ఎస్‌వీఈపీ, అంటే మిణుకులకు మెదడు ఇచ్చే స్పందన, మంచిది. తెర మీద ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీలో మిణుకుమనే గడిని చూస్తుంటే తల వెనక ఉండే విజువల్ కార్టెక్స్‌లో అదే ఫ్రీక్వెన్సీ, దాని గుణిజాలు (హార్మోనిక్‌లు) కనిపిస్తాయి. మనిషికి పెద్దగా శిక్షణ అక్కర్లేదు. చెయ్యి కదుపుతున్నట్టు ఊహించుకునే మోటార్ ఇమేజరీకి చాలా సెషన్ల సాధన పడుతుంది, అయినా కొందరికి ఎంతకీ పట్టుబడదు.

60 హెర్ట్జ్ మానిటర్ మీద గడిని పూర్తిగా వెలిగించి ఆర్పే పద్ధతిలో చేతికొచ్చే ఫ్రీక్వెన్సీలు కొన్నే: 60ని ఫ్రేముల సంఖ్యతో భాగించినవి. తొమ్మిది ఫ్రేములకు 6.67, ఎనిమిదికి 7.5, ఏడుకు 8.57, ఆరుకు 10, అయిదుకు 12, నాలుగుకు 15 హెర్ట్జ్. 7.5ను, 15ను కలిపి వాడకూడదు, మొదటిదాని రెండో హార్మోనిక్ సరిగ్గా రెండోదాని మీద పడుతుంది. 10 హెర్ట్జ్‌ను నేనైతే తీసేస్తాను. మనిషి అలసిపోయినా, కళ్లు మూసుకున్నా ఆల్ఫా తరంగాలు పెరిగేది అక్కడే, మనిషి ఏమీ అడగకుండానే చెయ్యి కదలడానికి అదొక పెద్ద కారణం. 12 కూడా ఆల్ఫా అంచులోనే ఉంది కాబట్టి దాని థ్రెషోల్డ్ (ఆదేశంగా లెక్కించడానికి దాటాల్సిన హద్దు) కొంచెం ఎక్కువ పెట్టాలి. ఇంతకన్నా ఎక్కువ సంఖ్యలో ఫ్రీక్వెన్సీలు కావాలంటే గడి వెలుగును సైన్ తరంగం ప్రకారం ఫ్రేము ఫ్రేముకూ మార్చాలి, అప్పుడు భాగహారం గొడవ ఉండదు.

వచ్చిన మనిషికి గాని, కుటుంబంలో గాని మూర్ఛ చరిత్ర ఉందేమో ముందే అడగాలి. 15 నుంచి 25 హెర్ట్జ్ మధ్య మిణుకులు ఫోటోసెన్సిటివ్ మూర్ఛను ఎక్కువగా రేపుతాయి. అవునంటే ఈ పద్ధతి ఆ మనిషికి వాడకూడదు.

స్క్రీన్ నిజంగా మనం అడిగిన ఫ్రీక్వెన్సీలోనే మిణుకుతోందా అన్నది తెరకు ఫోటోడయోడ్ (వెలుగును కొలిచే సెన్సర్) అంటించి కొలవాలి. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఆపేయాలి, ఫ్రేములను తెర లయకు కట్టే వీసింక్ పెట్టాలి. ఒక్క ఫ్రేము జారితే 16.7 మిల్లీసెకన్లు. 12 హెర్ట్జ్ గడికి అది 72 డిగ్రీల ఫేజ్ తేడా. ఫేజ్ పట్టించుకోని పద్ధతులు దీన్ని కొంత తట్టుకుంటాయి గాని, ట్రయళ్లను (ఒక్కో ప్రయత్నం డేటాను) సగటు చేసి టెంప్లేట్ కట్టే పద్ధతులు దెబ్బతింటాయి.

క్యాప్ దగ్గరే సగం పని

ఆల్గరిథం మార్చి రెండు శాతం తెచ్చుకునే లోపు క్యాప్ సరిగ్గా పెట్టి పది శాతం తెచ్చుకోవచ్చు. ఎస్‌ఎస్‌వీఈపీ కొన్ని మైక్రోవోల్టులే ఉంటుంది, ఒక్కోసారి అంత కూడా ఉండదు. కనురెప్ప కొడితే వచ్చేది దానికి ఎన్నో రెట్లు.

ఎలక్ట్రోడ్లు తల వెనక, ప్రామాణిక స్థానాల పేర్లలో చెప్తే: ఓజెడ్, ఓ1, ఓ2, పీఓజెడ్, పీఓ3, పీఓ4, ఇంకా రెండు ఛానళ్లుంటే పీఓ7, పీఓ8. కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే గుంట నుంచి తల వెనక చేతికి తగిలే ఎముక బుడిపె దాకా టేపుతో కొలిచి, అందులో పదో వంతు బుడిపె నుంచి పైకి వస్తే ఓజెడ్. ఆ దూరం 36 సెంటీమీటర్లయితే బుడిపెకు 3.6 సెంటీమీటర్ల పైన. క్యాప్ ఒక సెంటీమీటరు పైకి జరిగినా సిగ్నల్ తేడా కనిపిస్తుంది, కాబట్టి ప్రతి సెషన్‌లో కొలవాల్సిందే. మిగతావాటిని పోల్చి కొలిచే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను చెవి తమ్మె మీదో సీజెడ్ (నడినెత్తి) దగ్గరో పెట్టండి, ఉమ్మడి నాయిస్‌ను తగ్గించే బయాస్ ఎలక్ట్రోడ్ మర్చిపోవద్దు.

తలకు ఆ రోజు నూనె, కండిషనర్ ఉండకూడదు. షాంపూతో కడిగి ఆరబెట్టిన జుట్టు చాలు. మొద్దుసూది సిరంజితో జుట్టును పాయలు విడదీసి, చర్మాన్ని మెల్లగా రుద్ది, జెల్ వేయాలి. గోకకూడదు. స్పర్శ తెలియని మనిషికి గీసుకుపోయిన సంగతి కూడా తెలియదు. ఇంపీడెన్స్ (ఎలక్ట్రోడ్‌కు, చర్మానికి మధ్య నిరోధం) పది కిలోఓమ్‌ల లోపు ఉంటే హాయిగా పనిచేయొచ్చు. అన్నింటిలో ఒకే స్థాయి ఉండటం, ఒక్కదానిలో రెండు కిలోఓమ్‌లు రావడం కన్నా ముఖ్యం. జెల్ ఎక్కువ వేస్తే ఓ1, ఓజెడ్ మధ్య కలిసిపోయి రెండు ఛానళ్లూ ఒకటే అవుతాయి. ఇంపీడెన్స్ మీటర్ దీన్ని బ్రహ్మాండంగా ఉందని చూపిస్తుంది! ఒక ఛానల్ లోంచి ఇంకోటి తీసేసి చూడండి. దాదాపు సున్నా వస్తే తుడిచి మళ్లీ వేయాలి.

ఇప్పుడు పేపర్లలో అరుదుగా కనిపించే సమస్య. వీల్‌చెయిర్‌లో కూర్చునే మనిషి తల వెనక హెడ్‌రెస్ట్ ఉంటుంది. అది సరిగ్గా ఓ1, ఓజెడ్, ఓ2 మీదే ఆనుతుంది. కుర్చీ కొంచెం ఊగినా ఎలక్ట్రోడ్ జరిగి నెమ్మదైన పెద్ద తరంగాలు వస్తాయి, గంట గడిస్తే చర్మం మీద ఒత్తిడి గుర్తులు పడతాయి. మామూలు కుర్చీలో నిటారుగా కూర్చున్న ఆరోగ్యవంతులైన విద్యార్థులతో పరీక్షిస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. మెడను రెండు పక్కల నుంచి పట్టుకునే హెడ్‌రెస్ట్, లేదా మధ్యలో ఖాళీ ఉన్నది వాడాలి. చదునుగా ఉండే ఎలక్ట్రోడ్లు తీసుకోవాలి. ప్రతి అరగంటకూ చర్మం చూడాలి. వెంటిలేటర్ ఉంటే దాని లయ కూడా సిగ్నల్లో కనిపిస్తుంది, నెమ్మదైన తరంగాలను తీసేసే హైపాస్ ఫిల్టర్ ఒక హెర్ట్జ్ పైన పెడితే చాలావరకు పోతుంది.

ఈఈజీ సిగ్నళ్లను అంకెలుగా మార్చే ఏడీఎస్1299 చిప్ ఉన్న ఎనిమిది ఛానళ్ల బోర్డులు మొదటి పనికి సరిపోతాయి. 24 బిట్లు, సెకనుకు 250 శాంపిళ్లు. గెయిన్ 24 పెట్టి 4.5 వోల్టుల రిఫరెన్స్ ఉంటే ఒక మెట్టు సుమారు 0.022 మైక్రోవోల్టులు, అంటే రిజల్యూషన్ ఎప్పుడూ అడ్డంకి కాదు, నాయిసే అడ్డంకి. ఇలాంటి బోర్డులను బ్యాటరీ మీద మాత్రమే నడపాలి. మనిషికి ఎలక్ట్రోడ్లు తగిలించి ఉండగా బోర్డుకు ఛార్జర్ పెట్టడం ఎన్నడూ చేయకూడదు. వైర్‌లెస్ బోర్డయితే ల్యాప్‌టాప్‌ను, మనిషిని కలిపే తీగే ఉండదు, అది ఇంకా మేలు. రోబో చేతి మోటార్ల కేబుల్‌ను ఎలక్ట్రోడ్ తీగలకు దూరంగా, కుర్చీకి రెండో వైపు నుంచి తీసుకెళ్లండి. ఇంటి కరెంటు నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ నాయిస్ ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసే నోచ్ ఫిల్టర్‌తో పోతుంది గాని, మోటార్ డ్రైవర్ల నాయిస్ చెయ్యి కదిలినప్పుడే వచ్చి పోతుంది, ఒక ఫ్రీక్వెన్సీకి కట్టుబడదు.

బోర్డుకు ఒక గడియారం, కంప్యూటర్‌కు ఒకటి. రెండింటి మధ్య తేడా పది లక్షలకు 50 వంతులే అయినా గంటలో 180 మిల్లీసెకన్లు పేరుకుంటుంది. ల్యాబ్ స్ట్రీమింగ్ లేయర్ అనే సాఫ్ట్‌వేర్ ఈ తేడాను ఎప్పటికప్పుడు కొలిచి సరిచేస్తుంది. సొంతంగా టైమ్‌స్టాంపులు రాసుకునే స్క్రిప్టులు సాధారణంగా సరిచేయవు.

డీకోడర్, అంతకన్నా ముఖ్యంగా నిశ్శబ్దం

సిగ్నల్ నుంచి మనిషి ఏ గడిని చూస్తున్నారో తేల్చే డీకోడింగ్ భాగం తేలిక. ఆరు నుంచి 45 హెర్ట్జ్ దాకా మాత్రమే ఉంచే బ్యాండ్‌పాస్ ఫిల్టర్, గడి మీద దృష్టి పడ్డాక మొదటి 140 మిల్లీసెకన్లు వదిలేయడం, తర్వాత రెండు మూడు సెకన్ల కిటికీ (ఒకేసారి పరిశీలించే డేటా ముక్క). ప్రతి ఫ్రీక్వెన్సీకీ దాని సైన్, కొసైన్, రెండో మూడో హార్మోనిక్‌లతో రిఫరెన్స్ తయారుచేసి, ఛానళ్లన్నీ కలిపి దానితో ఎంత పోలుతున్నాయో చెప్పే కెనానికల్ కోరిలేషన్ చూడాలి. మామూలు ఫోరియర్ స్పెక్ట్రంతో ఇబ్బంది ఏమిటంటే రెండు సెకన్ల కిటికీలో గీతలు అర హెర్ట్జ్ దూరంలో ఉంటాయి. 8.57 రెండు గీతల మధ్య పడి చెదిరిపోతుంది. సిగ్నల్‌ను పలు ఫ్రీక్వెన్సీ పట్టీలుగా విడదీసే ఫిల్టర్ బ్యాంక్ కలిపితే ఇంకొంచెం మెరుగు. మనిషి ఓపిగ్గా కాలిబ్రేషన్ ఇవ్వగలిగితే, ఆ మనిషి సొంత డేటాతో నమూనా కట్టే టీఆర్‌సీఏ లాంటి టెంప్లేట్ పద్ధతులు కిటికీని ఒక సెకను దగ్గరికి తెస్తాయి.

అసలు కష్టం మనిషి ఏమీ అడగనప్పుడు. డీకోడర్ అర సెకనుకు ఒకసారి నిర్ణయం చెప్తే గంటకు 7,200 నిర్ణయాలు. ఒక శాతం తప్పు అంటే గంటకు 72 సార్లు చెయ్యి అడగకుండా కదులుతుంది. 99 శాతం కచ్చితత్వం అని రాసుకున్న డీకోడర్ ఇంట్లో భయపెట్టే వస్తువవుతుంది. వరుసగా మూడు కిటికీలు ఒకే జవాబు చెప్తేనే కదలాలి అన్న నియమం సాయం చేస్తుంది గాని, అనుకున్నంత కాదు. రెండు సెకన్ల కిటికీని అర సెకను చొప్పున జరిపితే వరుస మూడింటిలోనూ ఒక సెకను డేటా ఉమ్మడిగా ఉంటుంది. ఆ సెకనులో పొరపాటుంటే మూడూ కలిసి తప్పు చెప్తాయి.

థ్రెషోల్డ్‌ను గడులు చూస్తున్న డేటాతో నిర్ణయించడం అందువల్ల సరిపోదు. కనీసం పదిహేను నిమిషాలు మనిషి పక్కవాళ్లతో మాట్లాడుతూ, అటూ ఇటూ చూస్తూ, కాసేపు కళ్లు మూసుకుని ఉన్నప్పుడు రికార్డు చేసి, అందులో ఒక్క ఆదేశమూ పుట్టని చోట థ్రెషోల్డ్ పెట్టాలి. మొదటి, రెండో స్థానాల కోరిలేషన్ల తేడా మీద పెట్టిన థ్రెషోల్డ్, మొదటిదాని విలువ మీద పెట్టినదానికన్నా అలసటకు బాగా తట్టుకుంటుంది. చెయ్యి కదులుతున్నంతసేపూ మిణుకులు ఆపేయండి. కళ్లకు విశ్రాంతి, తప్పుడు ఆదేశాలకు తావు లేదు. పైగా ఆ సమయంలో ఎవరైనా సహజంగా చూసేది కప్పునే, స్క్రీన్‌ను కాదు. గడులు చూస్తూనే చేతిని అంగుళం అంగుళం నడపమనే డిజైన్ ఈ సహజాన్ని కాదంటుంది.

మోటార్ ఇమేజరీ వాడేవారికి ఒక హెచ్చరిక. ఎడమ బాణం తెరకు ఎడమ పక్కన, కుడి బాణం కుడి పక్కన చూపిస్తే, క్లాసిఫయర్ చేతి ఊహను కాకుండా కంటి కదలికను నేర్చుకుంటుంది. సూచన ఎప్పుడూ తెర మధ్యలోనే రావాలి. కళ్ల పక్కన రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి, వాటితో మాత్రమే క్లాసిఫై చేసి చూడండి. అక్కడ కూడా మంచి ఫలితం వస్తే చదువుతున్నది మెదడును కాదు.

చెయ్యి వైపు

డెప్త్ కెమెరా బల్లను చూసి, చదునైన తలాన్ని తీసేసి, మిగిలిన వస్తువులకు ఒక్కో గడి కేటాయిస్తుంది. మొదటి ఎంపిక వస్తువు, రెండోది పని: తాగించు, దగ్గర పెట్టు, వద్దు. "వద్దు" అన్న గడి ఎప్పుడూ ఉండాలి.

ఇక్కడ ఎక్కువగా చెడేది కెమెరాకు, చేతికి మధ్య కాలిబ్రేషన్. కెమెరా కోణంలో ఒక డిగ్రీ తప్పుంటే 70 సెంటీమీటర్ల దూరంలో 12 మిల్లీమీటర్ల తేడా. గ్రిప్పర్ 85 మిల్లీమీటర్లు తెరుచుకుని కప్పు వెడల్పు 70 అయితే రెండు పక్కలా మిగిలేది ఏడున్నర మిల్లీమీటర్లే. కప్పు పడిపోతుంది, జనం పట్టును లెక్కించే గ్రాస్ప్ ప్లానర్‌ను తిడతారు. ఏప్రిల్‌ట్యాగ్ గుర్తుతో (కెమెరా సులువుగా గుర్తుపట్టే నలుపు తెలుపు గడుల చిత్రం) ఇరవై దాకా భంగిమల్లో, కోణాలు బాగా మారుస్తూ కాలిబ్రేట్ చేయాలి. బల్ల మీద నాలుగు మూలల్లో గ్రిప్పర్ కొనను ఒక గుర్తుకు తాకించి సరిచూడాలి. కుర్చీకి బిగించిన కెమెరా ఎవరి మోచెయ్యి తగిలినా జరుగుతుంది కాబట్టి ఈ తాకింపు పరీక్ష ప్రతి ఉదయం అవసరం. గాజు గ్లాసు డెప్త్ కెమెరాకు సరిగ్గా కనిపించదు. రంగు ప్లాస్టిక్ కప్పు, మూత, పొడవైన స్ట్రా వాడండి. స్ట్రా ఉంటే కప్పును నోటి దగ్గర వంచే పని తప్పుతుంది, అక్కడే సగం ప్రమాదం తగ్గిపోతుంది.

స్ట్రా కొన పెదవులకు కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగాలి. మెడ కదలగలిగితే మనిషే ముందుకొచ్చి అందుకుంటారు. మెడ కదలని వారికి చివరి భాగాన్ని వేరే ఆదేశంతో, ముఖాన్ని చూసే రెండో కెమెరాతో చేయాలి. ముఖానికి 30 సెంటీమీటర్ల లోపల వేగం సెకనుకు 50 మిల్లీమీటర్లు దాటనివ్వకండి.

ఆపే మీట ఈఈజీ మీద ఆధారపడకూడదు. చెయ్యి సెకనుకు 250 మిల్లీమీటర్ల వేగంతో వెళ్తుంటే, రెండు సెకన్ల కిటికీతో "ఆగు" అని గుర్తించేలోపు అర మీటరు ప్రయాణిస్తుంది. గడ్డం కింద స్విచ్, ఊదే గొట్టం, కనుబొమ కండరం మీద సెన్సర్... ఆ మనిషిలో ఏ కదలిక మిగిలి ఉంటే దానికి తగ్గది. సహాయకుల చేతిలో మరో మీట. చెయ్యి పొరపాటు చేసినప్పుడు మెదడులో పుట్టే ఎర్రర్ పొటెన్షియల్స్‌ను ఎంఐటీ బృందం 2017లో బాక్స్‌టర్ రోబోతో ప్రత్యక్షంగా వాడి చూపింది. తప్పు ఎంపికను రద్దు చేయడానికి అవి పనికొస్తాయి, ప్రమాదం ఆపడానికి కాదు. ఇంకో సంగతి, తేలికపాటి అసిస్టివ్ చేతుల్లో కొన్నింటికి బ్రేకులుండవు. కరెంటు తీస్తే చెయ్యి కిందికి వాలిపోతుంది, ఒళ్లో పడుతుంది. అలాంటి చేతికి ఎమర్జెన్సీ స్టాప్ అంటే పవర్ కట్ కాకూడదు, ఉన్నచోటే నిలబడటం కావాలి.

ఏం కొలవాలి, ఏం రాయాలి

రెండు తరగతుల క్లాసిఫయర్‌కు 40 ట్రయళ్లలో 24 సరిగ్గా వస్తే 60 శాతం. గాలివాటంగా కూడా ఇది వస్తుంది. అయిదు శాతం ప్రమాణంతో గాలివాటం కాదనాలంటే 40లో కనీసం 26 కావాలి. కిటికీలను ఒకదాని మీద ఒకటి పడేలా కోసి, ఆ తర్వాత యాదృచ్ఛికంగా ట్రైనింగ్, టెస్ట్ అని పంచితే ఒకే సెకను రెండు పక్కలా ఉంటుంది, కచ్చితత్వం ఊరికే పెరుగుతుంది. ముందు సెషన్లుగా విడదీసి తర్వాతే కిటికీలు కోయాలి. ఫిల్టర్లు, ఫీచర్ ఎంపిక, థ్రెషోల్డ్ అన్నీ ట్రైనింగ్ భాగంలోనే తేలాలి.

పోల్చడం విషయంలో నిజాయితీ కావాలి. కళ్లు బాగా తిప్పగలిగే మనిషికి ఐ ట్రాకర్ ఎస్‌ఎస్‌వీఈపీ కన్నా వేగంగా, హాయిగా పనిచేస్తుంది. జెల్ అక్కర్లేదు, మిణుకులుండవు. ఎస్‌ఎస్‌వీఈపీ కూడా చూపు మీదే ఆధారపడుతుంది కాబట్టి, కంటి కదలిక పూర్తిగా పోయిన మనిషికి అదీ అందదు. అక్కడ శబ్దంతో, స్పర్శతో పనిచేసే పీ300 (ఎదురుచూసిన అరుదైన సంకేతానికి మెదడు ఇచ్చే స్పందన) పద్ధతులు, మోటార్ ఇమేజరీ ప్రయత్నించాలి. కాబట్టి మీ సిస్టమ్ ఎవరి కోసమో మొదటి పేజీలోనే రాయండి. ఆ మనిషి ఇప్పుడు వాడుతున్న పరికరంతోనే అదే చెయ్యి, అదే కప్పు, అదే బల్ల మీద పోల్చండి.

ఫలితాల్లో ఉండాల్సినవి: ఎన్ని ప్రయత్నాల్లో ఎన్నిసార్లు నీళ్లు నోటికి అందాయి, ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది, విశ్రాంతిలో గంటకు ఎన్ని తప్పుడు ఆదేశాలు, క్యాప్ పెట్టడానికి సహాయకులకు ఎంత సమయం, మనిషి తనే ఎప్పుడు చాలన్నారు. ఆఫ్‌లైన్ కచ్చితత్వం వీటి తర్వాత.

సమ్మతి పత్రంలో ప్రాజెక్టు ముగిశాక ఆ చెయ్యి ఏమవుతుందో స్పష్టంగా రాయాలి. కొన్ని నెలలు తన చేత్తో తాను నీళ్లు తాగిన మనిషి దగ్గర్నుంచి ఆ చేతిని వెనక్కి తీసుకోవడం చిన్న విషయం కాదు. పరికరం ఉంచేయగలరా, దాన్ని ఎవరు బాగుచేస్తారు, క్యాప్ ఎవరు పెడతారు అన్న ప్రశ్నలకు జవాబు మొదటి సెషన్‌కు ముందే కుటుంబానికి తెలియాలి.

ముడి డేటాను ఫిల్టర్ చేయకుండా అలాగే దాచండి. దానితోపాటు ఫోటోడయోడ్ ఛానల్, ఇంపీడెన్స్ విలువలు, రోబో కీళ్ల స్థానాలు, స్టాప్ మీట ఎప్పుడెప్పుడు నొక్కారో ఆ సమయాలు ఒకే గడియారం మీద ఉండాలి. ఒక ఆదేశం ఎందుకు పుట్టిందో ఆ తర్వాత వెతకాల్సి వస్తే, చాలాసార్లు జవాబు దొరికేది మోటార్ కరెంటును, ఓజెడ్ ఛానల్‌ను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే.